పొగ రాని డబ్బాకు ఒక ప్రశంసాపత్రం

మనిషి నిప్పును లక్షల ఏళ్ళ క్రితమే కనిపెట్టాడని చరిత్రకారులు రాస్తారు. నమ్మకండి! మా వీధిలో నిప్పును కనిపెట్టింది మొన్న మార్చి నెల రెండో ఆదివారం నాడు. ఉదయం పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు. కనిపెట్టినది మా పక్కింటి ఇర్మా గారు. అంతకుముందు జరిగినదంతా పొగ మాత్రమే.

ఆ మహత్కార్యానికి సాధనం ఒక రేకు డబ్బా. చిమ్నీ డబ్బా అంటారు. చూడటానికి అడుగు ఊడిపోయిన పాల క్యానులా ఉంటుంది. చుట్టూ చిల్లులు, పక్కన చెక్క పిడి, లోపల ఒక తీగల జల్లెడ. జల్లెడ కింద రెండు కాగితాలు నలిపి పెట్టాలి. పైన బొగ్గులు నింపాలి. అగ్గిపుల్ల గీయాలి. ఆ తరవాత చేయవలసిందేమీ లేదు.

ఈ ఆఖరి వాక్యాన్ని పాఠకులు దయచేసి మరొక్కసారి చదవాలి. చేయవలసిందేమీ లేదు! పావుగంటలో పైబొగ్గుల మీద తెల్లటి నివురు కనిపిస్తుంది. పిడి పట్టుకుని కమ్మీల పొయ్యిలోకి గుమ్మరిస్తే కణకణలాడే నిప్పులు సిద్ధం. ఊదటం లేదు, విసరటం లేదు, కళ్ళనీళ్ళు లేవు, మాటామాటా అనుకోవటం లేదు.

ఇంతటి ఉపకారిని పట్టుకుని అర్జెంటీనాలోని మా రొసారియో నగరంలో కొందరు పెద్దలు 'సోమరిపోతుల గొట్టం' అని ఈసడిస్తున్నారు. వారి కళ్ళు తెరిపించటం నా విధి. అందుకోసం ఇర్మా గారి పెరటి సంగతి ఉన్నదున్నట్టు మనవి చేస్తాను. చాలాభాగం ఆవిడే గోడ మీదుగా చెప్పారు. మిగతాది నేను చూశాను. మా రెండిళ్ళ మధ్య గోడ అంత ఎత్తేమీ కాదు.

ఇర్మా గారి భర్త ఫౌస్తినో గారు పరానా నది మీద తిరిగే పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యారు. నీళ్ళలో మునిగి తుప్పుపట్టిన డీజిల్ ఇంజన్‌ని మూడు తన్నులతో లేపగల మనిషి. అలాంటి మనిషికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం బొగ్గు లొంగలేదు!

ఆయనది సీసా పద్ధతి. ఖాళీ వైన్ సీసాకు పాత పేపర్లను తాళ్ళలా మెలిపెట్టి గాజుల్లా తొడుగుతారు. దాని చుట్టూ బొగ్గుల్ని గోపురంలా పేరుస్తారు. ఆ మీదట ఊపిరి బిగబట్టి సీసాను పైకి లాగుతారు. గోపురం నిలబడితే అది పనితనం. కూలిపోతే బావమరిది తప్పు.

బావమరిది పేరు రూబెన్. ఇర్మా గారికి స్వయానా తమ్ముడు. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటాడు. ప్రతి ఆదివారం పదకొండున్నర అయ్యేసరికి చంకలో ఒక అట్టముక్క పెట్టుకుని దిగేవాడు. ఆ అట్టముక్క విసరటానికని మీరు పొరబడుతున్నారేమో! కాదు. మా దేశంలో నిప్పు ఒక్కడి సొత్తు. ఎవరు రాజేస్తారో వాళ్ళే పట్టకారు పట్టాలి. మరొకరు బొగ్గును వేలితో తాకినా పరువు తక్కువ. కానీ మరొకరు మాట్లాడకూడదన్న నియమం మాత్రం ఏ పెద్దలూ పెట్టలేదు. ఆ లోపాన్ని సద్వినియోగం చేసుకోవటానికే బావమరుదులు పుట్టారు. అట్టముక్కతో పొయ్యి వైపు చూపిస్తూ రూబెన్ ముప్ఫై ఏళ్ళు విమర్శ చేశాడు.

"కాగితం ఎక్కువైంది బావా."

"నీ నోరు ఎక్కువైందిరా."

"గాలి నది వైపు నుంచి కొడుతోంది. నువ్వేమో గోడ వైపు నుంచి విసురుతున్నావు."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ పెరట్లోకి గాలి నన్నడిగే వస్తోంది."

"అందుకే కాబోలు, ముప్ఫై ఏళ్ళుగా వారానికి రెండుసార్లు ఆరిపోతోంది!"

రెండుసార్లు అన్నది అక్షరాలా నిజం. మొదటిసారి ఆరినప్పుడు ఫౌస్తినో గారు బొగ్గును తిట్టేవారు. రెండోసారి వాతావరణాన్ని తిట్టేవారు. మూడోసారికి బొగ్గులు తమంతట తామే జాలిపడి అంటుకునేవి.

ఈలోగా వంటింట్లో ఇర్మా గారి పరిస్థితి ఏమిటి? పదకొండున్నరకు కలిపిన సలాడ్ రెండింటికి వడలిపోయేది. మళ్ళీ తరిగేవారు. రొట్టెలు రాళ్ళయ్యేవి. బల్ల దగ్గర ఆకలితో ఉన్న చుట్టాలు సోడా కలిపిన వెర్ముత్ తాగి తాగి, మాంసం వచ్చేసరికి ఒకరినొకరు గుర్తుపట్టలేని స్థితికి చేరుకునేవారు. పెద్దత్త ఒఫీలియా ఒకసారి నోట్లో ఆలివ్ కాయ ఉండగానే నిద్రపోయింది. భోజనం మూడున్నరకు! ముప్ఫై ఒక్క ఏళ్ళు! ఏ కోర్టయినా విడాకులు ఇచ్చి ఉండేది.

కానీ ఇర్మా గారు విడాకులకు వెళ్ళలేదు. మూల మీది హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళారు. డబ్బా కొనుక్కుని వచ్చారు.

ఇక ఆ మార్చి ఆదివారం సంగతి వినండి. పదకొండుకు ఇర్మా గారు డబ్బా చేతికిచ్చారు, ఫౌస్తినో గారు అగ్గిపుల్ల గీశారు. పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాలకు నిప్పులు. పదకొండున్నరకు మామూలుగా అట్టముక్కతో దిగిన రూబెన్, పొయ్యి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వంగి చూశాడు. గాలి ఎటు నుంచి వస్తోందో వేలు తడిచేసి చూశాడు.

"పొగేది బావా?"

"లేదు."

"ఆరిపోలేదా?"

"లేదురా."

"ఒక్కసారి కూడా?"

"లేదని చెప్తున్నానా!"

రూబెన్ మరో ప్రదక్షిణ చేశాడు. ఆఖరికి, "డబ్బా రంగు బాగోలేదు," అన్నాడు. అంతకు మించి ఆ నిప్పులో తప్పు పట్టటానికి మానవమాత్రుడికి సాధ్యం కాలేదు.

పన్నెండున్నరకే భోజనం! సలాడ్ కరకరలాడింది. సాసేజ్‌లు పెట్టిన రొట్టె మెత్తగా ఉంది. పక్కటెముకల మాంసం పొరలు పొరలుగా విడిపోయింది. ఆ పూట ఆ పెరట్లో ఎవరూ ఎవరినీ గాడిద అనలేదు. నాగరికత అంటే ఇదే కదండీ?

మా వైపు మాంసం బల్ల మీదికి రాగానే, కాల్చినవాడి గౌరవార్థం అందరూ చప్పట్లు కొట్టాలి. అది ఆచారం. ఎవరో ఒకరు అందుకుంటే చాలు, మాడ్చిపెట్టినవాడికైనా చప్పట్లు తప్పవు. ఆ రోజు అందుకున్నది ఒఫీలియా అత్త. "డబ్బాకి చప్పట్లు!" అంది ఆవిడ, ఆకలి లేని మనిషి సంతోషంతో. అందరూ నవ్వి కొట్టారు. ఫౌస్తినో గారు కూడా పట్టకారు చంకలో ఇరికించుకుని రెండు చప్పట్లు కొట్టారు. ఆయన క్రీడాస్ఫూర్తిని నేను మెచ్చుకుంటున్నాను. ఆ తరవాత పళ్ళెంలో మాంసం అలాగే వదిలేశారంటే అది వేరే సంగతి. ఆరోగ్యానికి మంచిదే.

ఒంటిగంటన్నరకు గిన్నెలు కడగటం కూడా అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇర్మా గారి ముందు తళతళలాడే కొత్త ఆదివారం సాయంకాలం, వాడని దుప్పటిలా పరుచుకుని ఉంది. డబ్బా ప్రసాదించిన వరాల్లో ఇది రెండోది. మూడోది ఇంకా గొప్పది. భర్త సాహచర్యం!

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆదివారం పూట పెరట్లో పొయ్యి దగ్గర గడిపిన భర్త ఇప్పుడు వంటింట్లో, సరిగ్గా ఆవిడ వెనకాల నిలబడ్డారు. దంపతుల అన్యోన్యతకు ఇంతకంటే ఏం కావాలి?

"ఈ మిరియాల సీసా ఇక్కడెందుకుంది?"

"ఎప్పుడూ అక్కడే ఉంటుందండీ."

"పొయ్యికి దూరం కదా. ఇంజన్ రూములో పానా ఇంత దూరం పెడితే పడవ మునుగుతుంది."

"మన వంటిల్లు ఇంతవరకూ మునగలేదు. బయట గాలి బాగుంది, కాసేపు కూర్చోరాదూ?"

"కూర్చుని ఏం చెయ్యను?"

తరవాతి ఆదివారానికల్లా సీసాలన్నీ అక్షరక్రమంలో నిలబడ్డాయి. ఆ పై ఆదివారం ఆయన అలమారాల మడతబందులకు నూనె పెట్టారు. పొగచూరిన గోడకు సున్నం కూడా వేశారు. డబ్బా ఎంతమందికి పని కల్పించిందో చూశారా!

ఇక రూబెన్. అతనికి కలిగిన మేలు లెక్కకట్టలేనిది. రెండో ఆదివారం పన్నెండున్నరకు, అంటే సరిగ్గా బల్ల దగ్గరకే వచ్చాడు. అట్టముక్క తేలేదు. మూడో ఆదివారం మోకాలు నొప్పి అని ఫోన్ చేశాడు. నాలుగో ఆదివారం ఫోన్ కూడా చేయలేదు. ఎంత విశ్రాంతి! ముప్ఫై ఏళ్ళుగా పొగలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషికి ఆ మాత్రం హక్కు లేదా?

ఇర్మా గారికి మాత్రం ఈ విశ్రాంతి ఎందుకో నచ్చలేదు. గురువారం నాడు తమ్ముడి ఇంటికి వెళ్ళారు. టీవీ మోగుతోంది. బల్ల మీద ఉడికించిన నూడుల్స్, గిన్నెలోనే. గిన్నెలోనే చెంచా.

"మోకాలెలా ఉంది?"

"ఏ మోకాలు?"

"ఫోన్లో చెప్పిన మోకాలురా."

"ఆఁ, అదా. తగ్గింది."

"మరి ఆదివారం రావేం?"

"దేనికి రమ్మంటావక్కా?"

"దేనికేమిటి, తినటానికి!"

"తిండి ఇక్కడా ఉంది." రూబెన్ నూడుల్స్ వైపు చూపించాడు. ఇర్మా గారు కూడా చూశారు. ఇద్దరికీ దాని మీద పెద్దగా చెప్పుకోవలసింది కనపడలేదు. "అక్కడికొచ్చి నేనేం చెయ్యను చెప్పు? బావ మాట్లాడడు. ఆ డబ్బాని తిట్టమంటావా? తిడితే తిరిగి తిడుతుందా అది?"

ఇర్మా గారు ఆ దారంతా నడిచి వచ్చి, ఇంట్లోకి పోకుండా, నా గోడ దగ్గర ఆగిపోయారు. ఏడేళ్ళ కిందటి ఒక ఆదివారం గురించి చెప్పారు. అప్పుడావిడ వంటింటి కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నారు. బయట నిప్పు రెండోసారి ఆరిపోయింది. కిటికీ కింద బావ, బావమరిది ఇద్దరూ వంగి, తలలు బొగ్గుల్లో పెట్టి ఉన్నారు. రూబెన్ గొంతు వినిపించింది.

"ఎడమ పక్క నుంచి ఊదు బావా. క్లారా వెళ్ళిపోయింది. అక్కడ కాదు, ఇంకా కింద."

క్లారా అంటే రూబెన్ భార్య. ఫౌస్తినో గారు తల ఎత్తలేదు. కాసేపు ఊదారు.

"ఎప్పుడు?"

"మంగళవారం. కుక్కని కూడా తీసుకెళ్ళింది."

"ఈ రాత్రికి ఇక్కడే పడుకో," అన్నారు ఫౌస్తినో గారు. ఆ తరవాత జరిగింది చూసి ఇర్మా గారి చేతిలో కత్తి ఆగిపోయింది. అన్నేళ్ళలో మొట్టమొదటిసారి ఆయన తన చేతిలోని పట్టకారును బావమరిదికి ఇచ్చారు. "నువ్వు పేర్చు. నాకు పొగ కళ్ళలో పడింది."

తమ్ముడి కాపురం సంగతి ఆవిడకు ఆ కిటికీలోంచే తెలిసింది. ఉద్యోగంలోంచి రిటైరవటం, డాక్టర్ గుండె గురించి ఏదో చెప్పటం, మానుకున్నానన్న సిగరెట్ మానలేదన్నది, అన్నీ అందులోంచే తెలిశాయి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రూబెన్ ఏనాడూ 'బాగానే ఉన్నానక్కా' అన్న రెండు మాటలు దాటలేదు. నిప్పు ఆరిపోతే తప్ప అతని నోరు తెరుచుకోదు.

పాఠకులారా, ఇక్కడ మనం శాస్త్రీయంగా ఆలోచించాలి. ఆనాడే ఆ పెరట్లో చిమ్నీ డబ్బా ఉండి ఉంటే ఎంత సమయం ఆదా అయ్యేది! పద్దెనిమిది నిమిషాల్లో నిప్పులు సిద్ధమయ్యేవి. అందరూ వేళకు తిని, చప్పట్లు కొట్టి, క్లారా సంగతి ఎవరికీ తెలియకుండానే హాయిగా ఇళ్ళకు పోయేవారు. రూబెన్ కూడా పోయేవాడు, కుక్క లేని ఇంటికి.

ఇదంతా చెప్పి ఇర్మా గారు నన్ను అడిగిన ప్రశ్న ఇది.

"మాస్టారూ, మీ పెరట్లో బొగ్గు బస్తా ఒకటి ఉండాలే?"

"ఉందండీ. కానీ మూతి కట్టటం మరిచిపోయాను. మూడు రోజులుగా వానలో నానుతోంది."

"బాగా నానిందా?"

"పిండితే నీళ్ళొస్తాయి."

"అయితే నాది పొడి బస్తా ఉంది. మార్చుకుందామా?"

నేను చదువుకున్నవాణ్ణి. ఎక్కడ ప్రశ్నలు వేయకూడదో తెలిసినవాణ్ణి. బస్తాలు గోడ దాటాయి. వాటిలో ఒకటి దారి పొడుగునా నల్లటి నీళ్ళు కార్చుకుంటూ పోయింది.

ఆదివారం పదకొండింటికి ఫౌస్తినో గారు ఎప్పటిలాగే డబ్బా నింపి అగ్గిపుల్ల గీశారు. పదకొండు గంటల పద్దెనిమిదికి డబ్బా నుంచి పాత రైలింజన్ లాంటి పొగ లేచింది. పదకొండున్నరకు పొగ. పన్నెండుకు చిటపటమని చప్పుడు, ఆపైన మరింత పొగ. ఫౌస్తినో గారు రెండు కాగితాలకు బదులు నాలుగు పెట్టారు. ఆరు పెట్టారు. డబ్బాను తలకిందులు చేసి చూశారు. ఇంజన్‌ను తన్నినట్టు ఒక తన్ను కూడా తన్నారు. వంటింటి కిటికీలోంచి ఇర్మా గారు అంతా చూసి, చేతులు తుడుచుకుని, ఫోన్ అందుకున్నారు.

"రూబెన్, మీ బావ నిప్పు రాజెయ్యలేకపోతున్నారు."

అవతల టీవీ శబ్దం. ఆ తరవాత టీవీ ఆగిపోయిన శబ్దం.

"డబ్బా ఉందిగా?"

"డబ్బాతోనే."

"ఎన్ని కాగితాలు పెట్టాడు?"

"ఆరు."

"ఆరా! బుద్ధుందా ఆయనకి? ఇంకేమీ తాకొద్దని చెప్పు. వస్తున్నా!"

మోకాలు నొప్పి మనిషి రెండు వీధులు నాలుగు నిమిషాల్లో దాటాడు. చంకలో అట్టముక్క. గేటు తీయకముందే మొదలుపెట్టాడు.

"వీధి చివరికి కనిపిస్తోంది బావా నీ ఘనకార్యం! ఫైరింజన్ పిలిచారా, నేను పిలవాలా?"

"వచ్చాడండీ మహానుభావుడు! మూడు వారాలుగా ఏ కలుగులో దాక్కున్నావురా?"

"నువ్వు కొత్త చుట్టాన్ని తెచ్చుకున్నావుగా, రేకు చుట్టాన్ని. నాతో ఏం పని?"

"నేను తెచ్చానా? మీ అక్క తెచ్చింది."

"నువ్వు కాదనలేకపోయావా?"

"మీ అక్కనా? నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. డబ్బాను పక్కకు తన్నారు. వైన్ సీసా వచ్చింది. పేపర్లు మెలితిరిగాయి. గోపురం లేచింది, కూలింది, మళ్ళీ లేచింది. ఒఫీలియా అత్త రెండో గ్లాసు వెర్ముత్ పోసుకుంది. వంటింట్లో ఇర్మా గారు సలాడ్ జోలికి పోలేదు. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒక ఉల్లిపాయను తీరుబడిగా, కాగితమంత పలచగా తరగసాగారు.

ఒంటిగంటకు మొదటిసారి ఆరిపోయింది. ఆ సందులోనే ఆవిడకు కావలసిన మాట వినిపించింది.

"గుండెకి స్టెంట్ వెయ్యాలంటున్నాడు బావా డాక్టరు. వచ్చే పదో తారీఖు. నువ్వు మరీ దగ్గరగా పేర్చావు, కాస్త ఖాళీ వదులు."

"ఏ ఆస్పత్రి?"

"పెద్దాసుపత్రే."

"పొద్దున్నే ఎన్నింటికి?"

"ఆరుకి రమ్మన్నాడు."

"అయిదున్నరకి మీ ఇంటి ముందుంటాను. మీ అక్కకి చెప్పావా?"

"చెప్తే ఊరంతా ఏడుస్తుంది. చెప్పకు."

కిటికీ లోపల ఉల్లిపాయ తరగటం ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ సాగింది. ఉల్లిపాయ అన్నది ఎంత ఉపయోగకరమైన వస్తువో ఇంకెప్పుడైనా రాస్తాను.

రెండోసారి ఆరినప్పుడు రూబెన్ వంగి, నియమం మరిచిపోయి, బొగ్గుముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని నొక్కి చూశాడు. వేళ్ళ సందుల్లోంచి నల్లటి నీటిచుక్క జారింది. తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. ఇర్మా గారు ఉల్లిపాయ వైపు చూశారు. బస్సు నడిపిన మనిషి కదా, అద్దంలో వెనక ఎవరేం చేస్తున్నారో కనిపెట్టటం అలవాటు. ఆ ముక్కను తీసుకెళ్ళి గోపురానికి నట్టనడుమ, సరిగ్గా నిప్పు పుట్టవలసిన చోట పెట్టాడు.

"బొగ్గు చాలా బాగుందక్కా," అన్నాడు గట్టిగా. "వచ్చేవారం కూడా ఈ కొట్లోదే తీసుకురా."

"ఏం బాగుందిరా నీ మొహం! కళ్ళు పోతున్నాయి ఇక్కడ," అన్నారు ఫౌస్తినో గారు.

"నీకు బొగ్గు గురించి ఏం తెలుసులే బావా. డబ్బాలతో వంట చేసేవాడివి."

భోజనం మూడుగంటల నలభై నిమిషాలకు. మాంసం ఒక వైపు మాడింది, రెండో వైపు పచ్చి. చప్పట్లు మాత్రం ఎంతగా మోగాయంటే, నా గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

అందుచేత, నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. చిమ్నీ డబ్బా ఈ శతాబ్దపు వరప్రసాదం. ప్రతి ఇంటివారూ తప్పక కొనాలి. తయారుచేసేవారికి ఒక్కటే విన్నపం. అది ఎప్పుడూ పనిచేస్తుండటమనే చిన్న లోపాన్ని దయచేసి సవరించండి. మూడు వారాలకొకసారైనా మొరాయించేలా ఒక మోడల్ తెండి. మా వీధిలో రెండు అమ్ముడుపోతాయని నాది హామీ.

అది బజారులోకి వచ్చేవరకూ మా వీధి అవసరాలు నేనే చూసుకుంటున్నాను. ఈ వారమంతా చుక్క వాన కూడా పడదని వాతావరణ శాఖ వారు ప్రకటించారు. శనివారం సాయంత్రం తోట పైపు లాగి, ఇర్మా గారు ఇచ్చిన పొడి బస్తా మూతి విప్పి, అరగంట సేపు నీళ్ళు పెట్టాను. గులాబీ మొక్కలకు కూడా నేనింత శ్రద్ధగా ఎన్నడూ పెట్టలేదు.